జుట్టు పలచబడటం, అవాంఛిత రోమాలు: స్త్రీలు వాడే మందుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్త్రీల వైద్యుల దగ్గరకు, చర్మవైద్యుల దగ్గరకు ఈ రెండు ఇబ్బందులూ తరచుగా జంటగానే వస్తాయి. నడినెత్తిన పాపిట వెడల్పవుతూ ఉంటుంది, గడ్డం కింద మాత్రం ముదురు వెంట్రుకలు మొలుస్తూ ఉంటాయి. ఈ రెంటికీ ఇచ్చే మందులు ఏమిటి, అవి ఎలా పనిచేస్తాయి, ఎవరు వాడకూడదు అన్నదే ఇక్కడి విషయం. మోతాదులు రాసింది వైద్యుల చీటీలో ఏముందో అర్థం కావడానికే గాని, చీటీ లేకుండా మెడికల్ షాపులో కొనుక్కోవడానికి కాదు.

తలమీద ఊడిపోతూ ముఖంమీద మొలవడం ఏమిటి? రెండింటికీ కారణం ఒకటేనా?

చాలామందిలో ఒకటే. టెస్టోస్టిరాన్ వంటి ఆండ్రోజెన్లను పురుష హార్మోన్లని పిలుస్తున్నా, స్త్రీల అండాశయాల్లోనూ అడ్రినల్ గ్రంథుల్లోనూ అవి కొద్దిపాటిగా తయారవుతూనే ఉంటాయి. చర్మంలో ఉండే 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము టెస్టోస్టిరాన్‌ను అంతకన్నా బలమైన డీహెచ్‌టీ అనే హార్మోన్‌గా మారుస్తుంది. గడ్డం, పై పెదవి, ఛాతీ, పొత్తికడుపు మీది కుదుళ్లు ఈ హార్మోన్ ప్రభావంతో నూగును ముదురు వెంట్రుకగా మారుస్తాయి. నడినెత్తిమీది కుదుళ్లు మాత్రం, వంశపారంపర్యంగా ఆ లక్షణం ఉన్నవారిలో, అదే హార్మోన్ వల్ల కుంచించుకుపోతాయి. ఒక్కో దఫా మొలిచే వెంట్రుక మునుపటి కన్నా సన్నగా, పొట్టిగా వస్తుంది.

అవాంఛిత రోమాలకు అన్నిటికన్నా సాధారణ కారణం అండాశయాల్లో హార్మోన్ల తీరు తప్పే పీసీఓఎస్, అంటే మన వాడుకలో పీసీఓడీ. పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలలో 6 నుంచి 13 శాతం మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అయితే తలమీది జుట్టు పలచబడిన స్త్రీలలో చాలామందికి రక్తంలో ఆండ్రోజెన్లు మామూలు స్థాయిలోనే ఉంటాయి. పరీక్షలో అన్నీ బాగానే ఉన్నాయన్నంత మాత్రాన సమస్య లేదని కాదు, మందు పనిచేయదని అంతకన్నా కాదు.

నాది హార్మోన్ల వల్ల పలచబడటమో, మామూలుగా రాలడమో ఎలా తెలుస్తుంది?

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. కాన్పు, టైఫాయిడ్, డెంగీ, మలేరియా వంటి జ్వరాలు, ఆపరేషన్, తిండి బాగా తగ్గించి బరువు దిగడం వంటివి జరిగిన 2, 3 నెలలకు దువ్వెన నిండా ఒక్కసారిగా ఊడితే, అది విశ్రాంతి దశలోకి వెళ్లిన వెంట్రుకలు రాలిపోవడం. కారణం తొలగితే 6 నెలలు, ఏడాదిలో చాలావరకు తిరిగి వస్తుంది. ఇందుకు హార్మోన్ మందులు అక్కర్లేదు. వానాకాలపు జ్వరాల తరువాత, అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ రకం ఫిర్యాదు ఎక్కువగా వినిపించడానికి కారణం ఇదే.

హార్మోన్ల రకం ఇంత హడావుడిగా రాదు. కుప్పలుగా ఊడినట్టు కనిపించకుండానే ఏళ్ల తరబడి జడ లావు తగ్గుతూ వస్తుంది, ముందు నుదుటి అంచు అలాగే ఉండి పాపిట వెనక్కి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది, చివరికి సవరం లేనిదే జడ నిలవదన్న స్థితి వస్తుంది. ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళ, తలస్నానం చేసి ఆరిన జుట్టుతో మూడు నెలలకోసారి పాపిట ఫోటో తీసి దాచుకుంటే తేడా మీకూ, వైద్యులకూ స్పష్టంగా తెలుస్తుంది. అద్దంలో రోజూ చూసుకోవడం వల్ల దిగులు పెరగడమే గాని తేడా పట్టుబడదు. గుండ్రటి మచ్చలుగా జుట్టు పోవడం, తలమీద ఎర్రదనం, దురద, పొలుసులు ఉండటం వేరే జబ్బులకు గుర్తు.

మందులు మొదలుపెట్టే ముందు ఏ పరీక్షలు చేయించాలి?

రక్తహీనత కోసం హిమోగ్లోబిన్, ఫెరిటిన్. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్. నెలసరి క్రమంగా లేకపోయినా, రోమాలు ఎక్కువగా ఉన్నా మొత్తం టెస్టోస్టిరాన్, డీహెచ్‌ఈఏఎస్, ప్రొలాక్టిన్, 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ల పరీక్షలు. పీసీఓడీ అనుమానం ఉంటే షుగర్ పరీక్ష, కొలెస్టరాల్. హార్మోన్ పరీక్షలకు రక్తం నెలసరి వచ్చిన 2వ రోజు నుంచి 5వ రోజు లోపు, ఉదయం పూట ఇవ్వడం మంచిది. గర్భనిరోధక మాత్రలు వాడుతూ టెస్టోస్టిరాన్ పరీక్ష చేయిస్తే ఫలితం తక్కువగా వస్తుంది కాబట్టి, వైద్యులు మాత్రలు ఆపిన 3 నెలల తరువాత చేయించమంటారు.

పీసీఓడీ నిర్ధారణకు స్కానింగ్ ఒక్కటే చాలదు. 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన ప్రమాణాల ప్రకారం నెలసరి క్రమం తప్పడం, ఆండ్రోజెన్ల ఆధిక్యం, స్కానింగ్‌లో అండాశయాల తీరు అనే మూడింటిలో ఏవైనా రెండు ఉండాలి, ఇతర జబ్బులు లేవని తేలాలి. స్కానింగ్ కాగితంలో ‘పీసీఓడీ’ అని చూసి కంగారుపడే అమ్మాయిల్లో కొందరికి అసలు ఆ జబ్బే ఉండదు.

వీటికి తోడు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు. మిగతా చోట్ల వీటిని ఐచ్ఛికంగా చూసినా, మన ప్రాంతంలో ఇవి తప్పనిసరి అని నా అభిప్రాయం. కారణం కింద, శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం గురించిన ప్రశ్నలో వివరంగా ఉంది.

ఏ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు?

కొద్ది నెలల్లోనే గడ్డం, ఛాతీమీద వెంట్రుకలు దట్టంగా రావడం, గొంతు బొంగురుపోవడం, జననాంగంలో మార్పు, కండలు పెరగడం, నెలసరి పూర్తిగా ఆగిపోవడం. నెలసరి నిలిచిపోయిన వయసులో కొత్తగా ముదురు రోమాలు వచ్చినా ఇదే మాట. అండాశయంలోనో అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ ఉండే అవకాశం తక్కువే అయినా, లేదని తేల్చుకునే దాకా మిగతా వైద్యం వాయిదా వేయాలి.

మినాక్సిడిల్ ద్రావణం ఎలా పనిచేస్తుంది? ఎలా రాసుకోవాలి?

తలమీది జుట్టుకు మొదట ఇచ్చేది ఇదే. 1970లలో బీపీ మాత్రగా వచ్చిన ఈ మందు వాడిన రోగులకు ఒంటినిండా వెంట్రుకలు పెరగడం గమనించి, తలకు రాసే ద్రావణంగా మార్చారు. ఇది హార్మోన్ల జోలికి పోదు. వెంట్రుక పెరిగే దశను పొడిగిస్తుంది, సన్నబడిన వెంట్రుకను లావు చేస్తుంది. స్త్రీలకు 2 శాతం ద్రావణం రోజుకు రెండుసార్లు, లేదా 5 శాతం నురుగు రోజుకు ఒకసారి వాడటం పరిపాటి.

ద్రావణమైతే డ్రాపర్‌తో ఒక మిల్లీలీటరు తీసుకుని, ఆరిన తలమీద పాపిట, దానికి ఇరుపక్కలా వేలెడు ఎడంతో మరో రెండు పాయలు తీసి, చర్మానికి తగిలేలా చుక్కలుగా వేసి వేలికొనలతో అద్దాలి. వెంట్రుకలకు పట్టించి లాభం లేదు. తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పడుకోవడానికి కనీసం రెండు గంటల ముందు రాయాలి. తడి ఆరకముందే పడుకుంటే దిండుకు అంటిన మందు చెంపలకు, కణతలకు తగిలి అక్కడ కూడా నూగు పెరుగుతుంది. ముఖంమీది రోమాలతో ఇప్పటికే బాధపడేవారికి ఇది చిన్న విషయం కాదు. ఇంట్లో పిల్లిని పెంచేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఈ మందు నాకిన పిల్లి ప్రాణానికే ముప్పు.

మొదటి 2 నుంచి 8 వారాల్లో జుట్టు మునుపటికన్నా ఎక్కువ రాలుతుంది. పాత వెంట్రుకలను తోసుకుంటూ కొత్తవి బయలుదేరే దశ అది. సరిగ్గా ఇక్కడే చాలామంది భయపడి సీసా పక్కన పెట్టేస్తారు. ఫలితం కనిపించడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది. మానేస్తే, వచ్చిన జుట్టు కొన్ని నెలల్లోనే పోతుంది. దురద, పొలుసులు వస్తే అది ద్రావణంలోని ప్రొపిలీన్ గ్లైకాల్ వల్ల కావచ్చు. అది లేని నురుగుకు మారితే తగ్గుతుంది.

మందు రాస్తూ తలకు నూనె పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కాని నూనె తలమీద మందు రాయకూడదు. మందు రాసిన తరువాత కనీసం 4 గంటలు తలకు నూనె, నీళ్లు తగలనివ్వకూడదు. తలస్నానానికి ముందు గంటా రెండు గంటలు నూనె పెట్టుకుని, కుంకుడుకాయతోనో షాంపూతోనో శుభ్రంగా రుద్దుకుని, ఆరాక మందు రాసుకోవడం తేలికైన పద్ధతి.

మినాక్సిడిల్ మాత్ర కూడా ఇస్తున్నారు. అది మంచిదా?

బీపీకి ఇచ్చే మోతాదులో చిన్న భాగం, అంటే స్త్రీలకు రోజుకు 0.25 నుంచి 2.5 మిల్లీగ్రాముల వరకు, ఇటీవలి ఏళ్లలో చర్మవైద్యులు రాస్తున్నారు. జుట్టు కోసం ఈ మాత్రకు అధికారిక ఆమోదం లేదు, వైద్యుల విచక్షణతో వాడతారు. రెండు పూటలా రాసుకునే శ్రమ తప్పుతుంది గాని ముఖం, చేతులమీద నూగు పెరగడం, కాళ్ల వాపు, గుండెదడ రావచ్చు. రోమాల సమస్య కూడా ఉన్నవారికి ఇది మొదటి మందు కాకూడదు. గుండెజబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు సొంతంగా అసలే మొదలుపెట్టకూడదు.

స్పైరోనోలాక్టోన్ నీరు తీసే మాత్ర అని షాపులో చెప్పారు. జుట్టుకు ఎందుకు రాశారు?

షాపువారు చెప్పింది నిజమే. గుండె, కాలేయ జబ్బుల్లో ఒంటికి పట్టిన నీరు తీయడానికి దీన్ని వాడతారు. అయితే ఈ మందు ఆండ్రోజెన్లు కుదురుకు తగులుకునే చోటును అడ్డుకుంటుంది, వాటి తయారీని కూడా కొంత తగ్గిస్తుంది. అందుకే తలమీది జుట్టుకూ, ముఖంమీది రోమాలకూ ఒకే మాత్రతో మేలు చేయగలుగుతుంది. సాధారణంగా 25 లేదా 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 100 దాకా, కొందరికి 200 దాకా పెంచుతారు. రోమాలు తగ్గడానికి కనీసం 6 నెలలు, జుట్టులో తేడాకు ఏడాది వరకు ఆగాలి.

మూత్రం ఎక్కువసార్లు రావడం, కళ్లు తిరగడం, రొమ్ముల్లో నొప్పి, నెలసరి నెలకు రెండుసార్లు రావడం మామూలుగా కనిపించే ఇబ్బందులు. భోజనం తరువాత, ఉదయం పూట వేసుకుంటే కొంత నయం. జీడితోటల్లో, పొలాల్లో ఎండకు పనిచేసేవారు మందు వాడేటప్పుడు నీళ్లు తగినన్ని తాగకపోతే బీపీ పడిపోయి కూలబడే ప్రమాదం ఉంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో మాత్ర ఆపమని వైద్యులు చెబుతారు, ఆ మాట ముందే అడిగి తెలుసుకోవాలి.

గర్భం వచ్చే అవకాశం ఉంటే ఈ మందు వాడకూడదు. కడుపులో ఉన్నది మగపిల్లవాడైతే జననాంగాల పెరుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే దీనికి తోడుగా గర్భనిరోధక మాత్ర రాస్తారు. దానివల్ల నెలసరి కూడా క్రమపడుతుంది. మన ప్రాంతంలో ఇద్దరు పిల్లలు పుట్టాక పాతికేళ్లకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయిన వారు చాలామంది ఉన్నారు. వారికి ఈ భయం తక్కువ కాబట్టి స్పైరోనోలాక్టోన్ ఒక్కటే ఇచ్చే వీలుంది. ఆపరేషన్ అయిన సంగతి అడగకపోయినా వైద్యులకు చెప్పాలి.

మాది ఉద్దానం. కిడ్నీ జబ్బులకూ ఈ మందులకూ సంబంధం ఏమిటి?

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దశాబ్దాలుగా దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి వేళ్లూనుకుని ఉంది. షుగరు, బీపీ లేనివారికి కూడా వస్తోంది. అసలు కారణం నేటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమైంది కూడా ఇందుకే. ఈ వ్యాధి తొలిదశలో నొప్పి ఉండదు, వాపు ఉండదు, మనిషి మామూలుగానే పనిచేసుకుంటూ ఉంటారు.

స్పైరోనోలాక్టోన్ ఒంట్లో పొటాషియం నిలిచిపోయేలా చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు దాన్ని సర్దుకుంటాయి. అందుకే ఇతర జబ్బులేవీ లేని యువతులకు మాటిమాటికీ పొటాషియం పరీక్ష అక్కర్లేదని చర్మవైద్యులు ఇప్పుడు భావిస్తున్నారు. ఆ మాట కిడ్నీలు బాగున్నాయని తెలిసినవారికే వర్తిస్తుంది. మూత్రపిండాలు సగం దెబ్బతిన్నా తెలియని ఊళ్లలో, పరీక్ష లేకుండా ఈ మాత్ర మింగితే పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. కాబట్టి మందుకు ముందు క్రియాటినిన్, పొటాషియం చూసుకోవాలి, మొదలుపెట్టిన కొన్ని వారాలకు మరోసారి చూసుకోవాలి, మోతాదు పెంచినప్పుడు మళ్లీ చూసుకోవాలి. ఇంట్లో డయాలసిస్ మీద ఉన్నవారు ఎవరైనా ఉంటే ఆ సంగతి చీటీ రాయించుకునే ముందే చెప్పాలి.

పక్కన ఏమేమి వాడుతున్నారన్నదీ అంతే ముఖ్యం. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్ వంటి బీపీ మాత్రలు, మూత్రంలో మంటకు ఇచ్చే కోట్రైమాక్సజోల్, ఒళ్లు నొప్పులకు ఆర్‌ఎంపీల దగ్గర తీసుకునే డైక్లోఫినాక్ వంటివన్నీ పొటాషియాన్ని పెంచగలవు. నొప్పి మాత్రలు కిడ్నీకి విడిగా కూడా చేటే. కొబ్బరి నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక గ్లాసు కొబ్బరి నీళ్లలో సుమారు 400 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పెరట్లో కొబ్బరి చెట్లున్న ఇళ్లలో వేసవి అంతా రోజుకు రెండు, మూడు బొండాలు తాగడం వింత కాదు. కిడ్నీలు బాగున్నవారు అప్పుడప్పుడూ తాగితే ప్రమాదం లేదు గాని, ఈ మందు వాడుతూ రోజూ తాగే అలవాటు ఉంటే వైద్యులకు చెప్పాలి. బీపీ కోసమని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు, దాన్ని వాడకూడదు. క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నవారికి స్పైరోనోలాక్టోన్ వద్దనే చెబుతారు. వారికి తలకు మినాక్సిడిల్ ద్రావణం, ముఖానికి క్రీము, లేజరు వంటి పైనుంచి చేసే మార్గాలు మిగులుతాయి.

పెళ్లికాని అమ్మాయికి గర్భనిరోధక మాత్రలు రాశారు. తరువాత పిల్లలు పుట్టరేమో?

ఈ భయంతో తల్లులు చీటీని మడిచి దాచేసిన సందర్భాలు లెక్కలేనన్ని. ఇక్కడ ఆ మాత్రలు ఇచ్చేది గర్భం రాకుండా ఆపడానికి కాదు. వాటిలోని ఈస్ట్రోజెన్ కాలేయంలో ఒక ప్రొటీన్‌ను పెంచి, రక్తంలో స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టిరాన్‌ను కట్టిపడేస్తుంది. అండాశయంలో దాని తయారీని కూడా మాత్ర తగ్గిస్తుంది. పీసీఓడీలో రోమాలకు, మొటిమలకు, నెలసరి క్రమం తప్పడానికి మొదట ఇచ్చే మందు ఇదే. మాత్ర ఆపిన తరువాత సాధారణంగా 1 నుంచి 3 నెలల్లో అండం విడుదల తిరిగి మొదలవుతుంది. సంతానం కలిగే శక్తిని ఇది తగ్గించదు. పీసీఓడీ ఉన్న కొందరికి గర్భం ఆలస్యం కావడానికి కారణం ఆ జబ్బే గాని, దానికి వాడిన మాత్ర కాదు. నెలల తరబడి నెలసరి రాకుండా వదిలేస్తే గర్భసంచి లోపలి పొర మందమయ్యే ప్రమాదం ఉంటుంది, దాన్ని కూడా ఈ మాత్ర కాపాడుతుంది.

ఇథినైల్ ఎస్ట్రడయోల్‌తో పాటు డ్రోస్పిరినోన్, డెసోజెస్ట్రెల్, సైప్రోటెరోన్ వంటివాటిలో ఏదో ఒకటి కలిపిన మాత్రలు దొరుకుతాయి. ఒకదానికన్నా మరొకటి రోమాలకు ఎంతో మేలని గట్టి రుజువు లేదు. సైప్రోటెరోన్ కలిసిన 35 మైక్రోగ్రాముల మాత్రలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంత ఎక్కువ కాబట్టి దాన్ని మొదటి ఎంపికగా వాడవద్దని 2023 అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. డ్రోస్పిరినోన్ కూడా కొద్దిగా పొటాషియాన్ని పెంచుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి అదీ కుదరదు.

ఆశా కార్యకర్త ఇచ్చే మాలా-ఎన్ వాడితే సరిపోదా? ఛాయా మాత్ర?

మాలా-ఎన్‌లో లీవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఎస్ట్రడయోల్ 0.03 మిల్లీగ్రాములు ఉంటాయి. పట్టీలో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు. లీవోనార్జెస్ట్రెల్‌కు స్వల్పంగా ఆండ్రోజెన్ గుణం ఉన్నా, మొత్తంగా చూస్తే ఇది కూడా టెస్టోస్టిరాన్‌ను తగ్గిస్తుంది. ఖరీదైన మాత్రలు కొనలేనివారు వైద్యులను అడిగి దీన్నే వాడటంలో తప్పు లేదు. ఛాయా వేరు. అందులో ఉండే ఓర్మెలాక్సిఫెన్ హార్మోన్ మందు కాదు. గర్భం ఆపుతుంది గాని రోమాల మీద, జుట్టు మీద దాని పని ఏమీ లేదు.

గర్భనిరోధక మాత్రలు ఎవరు వాడకూడదు?

కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవారు, పక్షవాతం, గుండెపోటు వచ్చినవారు, కళ్లముందు మెరుపులు కనిపించి వచ్చే మైగ్రేన్ తలనొప్పి ఉన్నవారు, బీపీ అదుపులో లేనివారు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, తీవ్రమైన కాలేయ జబ్బు ఉన్నవారు, 35 ఏళ్లు దాటి పొగతాగేవారు. ఆఖరిది మనకు వర్తించదని అనుకోనక్కర్లేదు. అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవయసు స్త్రీలలో ఇంకా ఉంది. మొదలుపెట్టే ముందు బీపీ చూపించుకోవడం తప్పనిసరి. మాత్ర వాడుతుండగా ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా అదేరోజు ఆస్పత్రికి వెళ్లాలి.

ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ మగవారి మందులు కదా?

ఆమోదం మగవారికే. టెస్టోస్టిరాన్‌ను డీహెచ్‌టీగా మార్చే ఎంజైమును ఇవి ఆపుతాయి కాబట్టి, నెలసరి నిలిచిన స్త్రీలకు కొందరు వైద్యులు ఫినాస్టెరైడ్ 2.5 నుంచి 5 మిల్లీగ్రాముల దాకా రాస్తారు. గర్భం వచ్చే వయసులో ఉన్నవారికి నమ్మకమైన గర్భనిరోధం లేకుండా ఇవ్వకూడదు. విరిగిన, పొడి చేసిన ఫినాస్టెరైడ్ మాత్రను గర్భిణి చేత్తో కూడా ముట్టుకోకూడదు. భర్త జుట్టు కోసం వాడుతుంటే మాత్రలు విరిచే పని ఆయనే చేసుకోవాలి. డ్యుటాస్టెరైడ్ ఒంట్లోంచి పోవడానికి నెలలు పడుతుంది. ఆపిన తరువాత కూడా 6 నెలలపాటు రక్తదానం చేయకూడదు.

ఫ్లుటమైడ్ పేరు చీటీలో కనిపిస్తే మరొక వైద్యుల అభిప్రాయం అడగడం మంచిది. రోమాలు తగ్గించినా, కాలేయాన్ని ప్రాణాంతకంగా దెబ్బతీసిన సందర్భాలున్న మందు అది.

మెట్‌ఫార్మిన్ వాడితే రోమాలు తగ్గుతాయా?

తగ్గుతాయని ఆశ పెట్టుకోవద్దు. షుగరు, బరువు, నెలసరి విషయంలో పీసీఓడీ ఉన్నవారికి అది మేలు చేస్తుంది, రోమాల మీద ప్రభావం నామమాత్రం. అందుకే దీన్ని రోమాలకు ఇచ్చే మందుతో కలిపి రాస్తారు. మూత్రపిండాల పనితీరు బాగా తగ్గినవారికి ఇది కూడా పనికిరాదు. అధిక బరువు ఉన్నవారు తమ మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం తగ్గించుకోగలిగితే హార్మోన్ల తీరు మెరుగవుతుంది.

మాత్రలు వద్దనుకుంటే ముఖంమీది రోమాలకు ఏం చేయవచ్చు?

ఎఫ్లార్నితిన్ 13.9 శాతం క్రీము ఉంది. రోజుకు రెండుసార్లు, 8 గంటల తేడాతో రాస్తే వెంట్రుక పెరిగే వేగం తగ్గుతుంది. ఉన్న వెంట్రుకను రాల్చదు కాబట్టి త్రెడింగ్ పక్కన సాగుతూనే ఉండాలి. 8 వారాలకు తేడా తెలుస్తుంది, ఆపితే దాదాపు అంతే కాలంలో పాత స్థితి వస్తుంది. గీయడం వల్ల వెంట్రుక లావవుతుందన్నది అపోహ. కోసిన కొన మొద్దుగా ఉండి అలా అనిపిస్తుంది, అంతే.

లేజరుకు వెళ్లేవారు మన ఛాయ చర్మానికి ఎన్‌డీ-యాగ్, డయోడ్ రకాలు అనువైనవని తెలుసుకోవాలి. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో 6 నుంచి 8 సార్లు చేయించాలి. హార్మోన్ల ఆధిక్యం ఉన్నవారికి మందులు లేకుండా లేజరు ఒక్కటే చేయిస్తే కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి, డబ్బు మాత్రం పోతుంది. తెల్లబడిన వెంట్రుకమీద లేజరు పనిచేయదు.

ముఖం తెల్లబడటానికి క్రీము రాస్తున్నాను. రోమాలు దానివల్లేనా?

అయి ఉండవచ్చు. చీటీ లేకుండా అమ్మే ‘తెల్లబడే’ క్రీముల్లో చాలావాటిలో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, చెంపలమీద నూగు పెరుగుతుంది. 2018లో కేంద్రం ఇటువంటి స్టెరాయిడ్ క్రీములను వైద్యుల చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చినా అమ్మకాలు ఆగలేదు. హార్మోన్ పరీక్షలకు వేలు ఖర్చుపెట్టే ముందు క్రీము గొట్టం వెనక చిన్న అక్షరాలు చదవడం మేలు. ఒక్కసారిగా మానేస్తే ముఖం మండుతుంది కాబట్టి చర్మవైద్యులకు చూపించి మానాలి.

మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, ఫెనిటాయిన్, కిడ్నీ మార్పిడి తరువాత వాడే సైక్లోస్పోరిన్ కూడా రోమాలను పెంచగలవు. వీటిని మాత్రం సొంతంగా ఆపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

బయోటిన్, గుంటగలగర నూనె, పుదీనా టీ పనిచేస్తాయా?

బయోటిన్ లోపం అరుదు, లోపం లేనివారికి దానివల్ల జుట్టు పెరుగుతుందనడానికి ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్, హార్మోన్ రక్తపరీక్షలు తప్పుగా చూపిస్తాయి కాబట్టి పరీక్షకు 2, 3 రోజుల ముందు ఆపాలి. గుంటగలగర నూనె రాసుకుంటే హాని లేదు, హార్మోన్ల సమస్యకు అది వైద్యం కాదు. పుదీనా టీ మీద చిన్న అధ్యయనాలు జరిగాయి. రక్తంలో టెస్టోస్టిరాన్ కొంత తగ్గింది గాని గడ్డం మీద కొలవదగ్గ తేడా కనిపించలేదు. లోపలికి తీసుకునే పేరులేని పొడులు, నాటుమందుల విషయంలో మాత్రం కిడ్నీలను తలచుకుని దూరంగా ఉండాలి.

సింహాచలంలో తలనీలాలు ఇస్తే జుట్టు ఒత్తుగా వస్తుందంటారు. నిజమా?

మొక్కు మొక్కే, వైద్యం వైద్యమే. కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి దాకా అది రాదు. కుంచించుకున్న కుదురు నుంచి మళ్లీ సన్న వెంట్రుకే వస్తుంది.

గర్భం కోసం ప్రయత్నిస్తున్నాను, లేదా పాలిస్తున్నాను. ఏం వాడవచ్చు?

గర్భం కోరుకునేటప్పుడు స్పైరోనోలాక్టోన్, ఫినాస్టెరైడ్ కనీసం నెల ముందు, డ్యుటాస్టెరైడ్ 6 నెలల ముందు ఆపాలి. మినాక్సిడిల్ ద్రావణం కూడా గర్భంలో, పాలిచ్చే కాలంలో వద్దు. త్రెడింగ్, గీయడం వంటివి నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. మందు వాడుతుండగా నెల తప్పితే మాత్ర ఆపి, పరీక్ష చేయించుకుని, వెంటనే వైద్యులకు చెప్పాలి.

మాఘమాసంలో పెళ్లి. రెండు నెలల్లో తగ్గించే మందు ఉందా?

లేదు. ఉందని ఎవరైనా చెబితే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశమే ఎక్కువ. ముఖం మీద ఉన్న వెంట్రుక తన వంతు కాలం పూర్తిచేసుకుని పోవాలి, దాని స్థానంలో వచ్చేది సన్నగా రావాలి. ఇందుకు ఏ మందుకైనా 6 నెలలు పడుతుంది. రెండు నెలల్లో చేయగలిగింది ఎఫ్లార్నితిన్ క్రీము, త్రెడింగ్, వీలైతే ఒకటి రెండు విడతల లేజరు. పెళ్లయ్యాక వెంటనే పిల్లలు కావాలనుకుంటే, ఇప్పుడు స్పైరోనోలాక్టోన్ మొదలుపెట్టి రెండు నెలలకే ఆపడంలో అర్థం లేదు.

ఎవరికి చూపించుకోవాలి? ఏం తీసుకెళ్లాలి?

నెలసరి కూడా క్రమంగా లేకపోతే ముందు స్త్రీల వైద్యులకు, జుట్టు ఒక్కటే సమస్యైతే చర్మవైద్యులకు చూపించుకోవాలి. శ్రీకాకుళంలో అందరూ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో ఈ రెండు విభాగాలూ ఉన్నాయి. హార్మోన్ పరీక్షల్లో తేడా ఎక్కువగా ఉంటే విశాఖ కేజీహెచ్‌లో హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగానికి పంపుతారు. చీటీలోని మందుల అసలు పేర్లు రాయించుకుంటే కొన్నిటిని జన ఔషధి దుకాణాల్లో తక్కువ ధరకు కొనుక్కోవచ్చు.

వెళ్లే ముందు వారం రోజులు త్రెడింగ్ ఆపితే వెంట్రుకల తీరు వైద్యులకు కనిపిస్తుంది. గత ఆరు నెలల నెలసరి తేదీలు, పాపిట ఫోటోలు, పాత రక్తపరీక్షల కాగితాలు, ముఖానికి రాసే క్రీము, నొప్పులకు వేసుకునేవి సహా ఇంట్లో వాడుతున్న మాత్రల పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లాలి. వాడి మానేసిన వాటి ఖాళీ పట్టీలు ఉంటే అవీ పెట్టుకోవాలి.